మెటల్ పిన్, మెడల్ డిజైన్ ఫైల్: గట్లు ఎక్కడ, మళ్ళు ఎక్కడ?

మెటల్ పిన్ చేయించుకుందామనుకునే చాలామందికి బొమ్మ దగ్గర ఇబ్బంది రాదు. బొమ్మ చక్కగానే వస్తుంది, స్క్రీన్ మీద చూసినవాళ్ళంతా బాగుందనే అంటారు. ఫైల్ పంపాకే టెన్షన్ మొదలవుతుంది. "గీతలు మరీ సన్నగా ఉన్నాయి", "ఈ రెండు రంగుల మధ్య లోహం లేదు", "వెక్టర్ ఫైల్ పంపండి" అని తయారీదారు దగ్గర్నుంచి జవాబు వస్తుంది. లేదంటే వాళ్ళే ఏదో సర్దేసి ప్రూఫ్ (తయారీకి ముందు చూసి ఒప్పుకోమని పంపే నమూనా బొమ్మ) పంపిస్తారు, మనం ఇష్టపడి గీసిన కళ్ళు, జుట్టు, చిన్న చిన్న వివరాలు అందులో ఎటు పోయాయో తెలియదు.

దీనంతటికీ మూలం ఒక్కటే. పిన్ మీద గీతను ఇంకుతో వెయ్యరు. గీత ఉన్నచోట లోహం పైకి లేచి నిలబడుతుంది, రంగు ఉన్నచోట లోహం కిందికి దిగి పల్లంగా ఉంటుంది, ఆ పల్లంలో ఎనామిల్ అనే గట్టిపడే రంగు నింపుతారు. వరి పొలాన్ని పైనుంచి చూసినట్టు ఊహించుకోండి: గట్లు, గట్ల మధ్య మళ్ళు. మడిలో నీళ్ళు నిలవాలంటే చుట్టూ గట్టు ఎక్కడా తెగకూడదు, రంగు సంగతీ అంతే. ఇక్కడినుంచి గట్టు అంటే పైకి లేచిన లోహం అనీ, మడి అంటే రంగు నింపే పల్లం అనీ అనుకుందాం. ఫైల్ తయారీలో పాటించాల్సిన ప్రతి నియమమూ ఈ రెండిటి లోంచి పుట్టిందే, కాబట్టి నియమాలను బట్టీపట్టేకన్నా ఈ రెండిటినీ కళ్ళముందు పెట్టుకుంటే మేలు.

ఫైల్ వెళ్ళాక ఏం జరుగుతుంది

మీ ఫైల్లోని గీతలను బట్టి కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషన్ ఒక ఉక్కు దిమ్మెలో బొమ్మను తిరగేసి చెక్కుతుంది. దాన్ని డై అంటారు. పిన్ మీద గట్టుగా రావలసింది డైలో కాలవలా లోపలికి ఉంటుంది. ఇనుము, ఇత్తడి, రాగి లాంటి లోహపు రేకు మీద ఆ డైని ప్రెస్‌తో గట్టిగా కొడితే, లోహం ఒత్తిడికి ఆ కాలవల్లోకి ఎక్కి గట్లుగా మారుతుంది. తర్వాత అంచు చుట్టూ కత్తిరిస్తారు, వెనక పోస్ట్ (బట్టకు గుచ్చే సూది) సోల్డర్ చేస్తారు, పాలిష్ పెట్టి ప్లేటింగ్ (పైన పలచటి లోహపు పూత) చేస్తారు, సిరంజితో ఒక్కో మడిలో ఒక్కో రంగు నింపి వేడిలో గట్టిపరుస్తారు. జింక్ మిశ్రమంతో చేసేవాటిని మాత్రం ఇలా కొట్టరు, కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తారు. లోపల ఖాళీలు, కంతలు ఎక్కువున్న డిజైన్లకు ఆ పద్ధతే నయం, ఎందుకంటే రేకును కొట్టి చేసేటప్పుడు ప్రతి కంతనూ విడిగా పొడవాల్సి వస్తుంది.

సాఫ్ట్ ఎనామిల్, హార్డ్ ఎనామిల్ అనే రెండు మాటలు తరచుగా వింటారు. సాఫ్ట్‌లో రంగు ఆరాక గట్టుకన్నా కిందే ఉండిపోతుంది, వేలితో తడిమితే గీతలు తగులుతాయి. హార్డ్‌లో రంగును గట్టు పైదాకా నింపి, గట్టిపడ్డాక పైనంతా సానపట్టి ఒకే మట్టానికి తెస్తారు, అద్దంలా నున్నగా ఉంటుంది. ఈ తేడా చూడటానికే అనుకుంటారు గానీ ఫైల్‌నూ మారుస్తుంది. గట్టు అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ కాస్త సన్నగా ఉంటుంది, కాబట్టి సానపట్టి పైభాగం అరిగితే గీత కొంచెం లావుగా కనిపిస్తుంది. దగ్గర దగ్గరగా రెండు గీతలుంటే వాటి మధ్య మడి ఇంకా ఇరుకవుతుంది. అందుకే సాఫ్ట్‌లో నడిచిన ఫైల్ హార్డ్‌లో యథాతథంగా నడుస్తుందని నమ్మకం లేదు. ఇంకొకటి, హార్డ్‌లో సానపట్టడం అయ్యాకే ప్లేటింగ్ పడుతుంది కాబట్టి లోహపు గీతలకు తెలుపో గులాబీయో అద్దించుకోవడం కుదరదు. అలాంటి రంగు గీతలు కావాలంటే సాఫ్ట్‌కే వెళ్ళాలి. ప్లేటింగ్‌తోనే వచ్చే బ్లాక్ నికెల్ అనే నల్లటి పూత రెండిటిలోనూ దొరుకుతుంది.

అసలైన క్లాయిజనే అనేది వేరే పని. అందులో గాజుపొడి నింపి 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో కాలుస్తారు. ఇప్పుడు హార్డ్ ఎనామిల్ పేరుతో దొరికేది దాదాపు అంతా ఆ రూపాన్ని అనుకరించే రెజిన్ రంగే. ఆర్డర్ ఇచ్చేముందు ఏది చేస్తున్నారో అడిగి తెలుసుకోండి, పేర్లు కలిపేసి వాడేవాళ్ళున్నారు.

సైజు ముందు, గీత తర్వాత

నేను చూసిన ఫైళ్ళలో ఎక్కువ వాటికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. పెద్ద కాన్వాస్ మీద, జూమ్ చేసుకుని, హాయిగా గీస్తాం. ఆఖరున "30 మిల్లీమీటర్లు" అని మెయిల్లో రాసి పంపేస్తాం. చాలామంది తయారీదారులు గట్టుకు అడిగే కనీస మందం 0.2 మిల్లీమీటర్లు, కొందరు 0.25 అంటారు. నా సలహా మాత్రం 0.3 దగ్గర మొదలుపెట్టమని, మడికి కూడా కనీసం అంతే వెడల్పు ఇవ్వమని. 0.2 గీత రాదని కాదు, వస్తుంది, కానీ పాలిష్‌లో అక్కడక్కడా తెగుతుంది, తెగినచోట పక్క మడిలో రంగు ఇటు కారుతుంది.

ఒక గుడ్లగూబ బొమ్మ తీసుకుందాం. 1500 పిక్సెళ్ళ ఎత్తున్న కాన్వాస్ నిండా గీశారు, పిన్ ఎత్తు 30 మిల్లీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరుకు 50 పిక్సెళ్ళు. చుట్టుగీతకు 8 పిక్సెళ్ళ బ్రష్ వాడారు, స్క్రీన్ మీద అందంగానే ఉంది, కానీ లోహంలో అది 0.16 మిల్లీమీటర్లు. కనీసానికి కూడా తక్కువ. 0.3 కావాలంటే 15 పిక్సెళ్ళ బ్రష్ వాడి ఉండాలి, అంటే దాదాపు రెట్టింపు. ఇప్పుడు రెక్కల దగ్గరికి రండి. ఈకలకు ఈకలకు మధ్య 12 పిక్సెళ్ళ ఖాళీ ఉంది, అది 0.24. గీతలను 15కి లావు చేస్తే ఆ ఖాళీ ఇంకా కుంచించుకుపోతుంది, రంగు నింపే సిరంజికి అక్కడ చోటుండదు. ఇక్కడ గీతలు లావు చేసి ఊరుకుంటే సరిపోదు, ఈకల సంఖ్యే తగ్గించాలి. తొమ్మిది ఈకల చోట ఐదు గీస్తే గుడ్లగూబ గుడ్లగూబలాగే ఉంటుంది, పైగా చేతిలోకి తీసుకున్నప్పుడు ప్రతి ఈకా విడిగా కనిపిస్తుంది.

కంటిలో మెరుపు చుక్క మరీ ముఖ్యం, ఎందుకంటే ముఖంలో ప్రాణమంతా దాంట్లోనే ఉంటుంది. నల్ల కనుపాప వెడల్పు 2.4 మిల్లీమీటర్లు, అందులో తెల్ల చుక్క 0.4. నలుపు ఒక మడి, తెలుపు ఇంకో మడి, రెండిటి మధ్య గట్టు తప్పదు. చుక్క చుట్టూ అన్ని వైపులా 0.3 గట్టు కడితే మొత్తం 1 మిల్లీమీటరు అవుతుంది, కంటిలో మెరుపు పోయి ఓ లోహపు ఉంగరం కూర్చుంటుంది. దీనికి ఒక మంచి దారి ఉంది: ఆ చుక్కకు తెల్ల రంగు మానేసి లోహంగానే ఉంచెయ్యడం. నల్ల ఎనామిల్ మధ్యలో చిన్న గుండ్రటి గట్టు పైకి లేచి ఉంటుంది, వెండి రంగు ప్లేటింగ్ అయితే వెలుతురు పడగానే నిజంగానే మెరుస్తుంది. తెలుపే కావాలంటే ఎనామిల్ ఆరాక పైన స్క్రీన్ ప్రింట్ వేయించుకోవచ్చు, దానికి గట్టు అక్కర్లేదు, కాకపోతే ఇంకో పని అదనం, కాలం గడిచేకొద్దీ అరిగే అవకాశమూ ఉంది.

కాబట్టి ముందు ఇల్లస్ట్రేటర్ (అడోబీ వారి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) లాంటిదానిలో ఆర్ట్‌బోర్డ్‌ని, అంటే గీసే పేజీని, పిన్ అసలు సైజుకు పెట్టుకోండి, ప్రిఫరెన్సుల్లో గీత కొలతను పాయింట్ల నుంచి మిల్లీమీటర్లకు మార్చుకోండి. ఒక పాయింట్ అంటే 0.35 మిల్లీమీటర్లు. ఈ మార్పిడి మనసులో చేసుకుంటూ గీయడం అనవసర శ్రమ. తర్వాత 100 శాతం సైజులో కాగితం మీద ప్రింట్ తీసి చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. ఆ దూరంలో కనిపించని వివరం పిన్ మీదా కనిపించదు. ప్రింట్ తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, అది ఆన్‌లో ఉంటే కొలతలన్నీ తారుమారవుతాయి.

సన్న గీతలను కంటితో వెతకడం కన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. లోహపు భాగమంతా ఒకే ఆకారంగా కలిపేసి, దాని కాపీ ఒకటి తీసుకుని, ఆఫ్‌సెట్ పాత్‌లో మైనస్ 0.15 మిల్లీమీటర్లు ఇవ్వండి. ఆకారం అన్ని వైపులనుంచీ 0.15 చొప్పున లోపలికి అరుగుతుంది, అంటే 0.3 కన్నా సన్నగా ఉన్నదంతా మాయమైపోతుంది. ఎక్కడ మాయమైందో అక్కడ మీ గట్టు బలహీనం. రంగు ఆకారాలకూ ఇదే పరీక్ష పెడితే ఇరుకు మళ్ళు బయటపడతాయి. ఇంక్‌స్కేప్‌లో అయితే ఇన్‌సెట్‌తో ఇదే చెయ్యొచ్చు. రెండు నిమిషాల పని, తయారీదారుతో నాలుగైదు మెయిళ్ళు తప్పుతాయి.

సైజు మారిస్తే ఈ లెక్కంతా మళ్ళీ మొదటికొస్తుంది. 60 మిల్లీమీటర్ల మెడల్‌కు 0.5 గీతలతో వేసిన లోగోను 25కి కుదిస్తే గీత 0.21 అవుతుంది. అదీ గీతలు ఆకారాలుగా మారి ఉంటేనే, లేదంటే "స్కేల్ స్ట్రోక్స్" సెట్టింగ్ ఎలా ఉందన్నదాన్ని బట్టి గీత 0.5గానే ఉండిపోయి బొమ్మంతా గడ్డకట్టినట్టవుతుంది. ఒకే డిజైన్ రెండు సైజుల్లో కావాలంటే రెండు ఫైళ్ళు గీయాల్సిందే, చిన్నదానిలో వివరాలు తగ్గించి.

వెక్టర్ ఎందుకు అడుగుతారు

వెక్టర్ అంటే పిక్సెళ్ళతో కాకుండా కచ్చితమైన అంచులున్న గీతలు, ఆకారాలతో ఉండే ఫైల్. దాన్ని రిజల్యూషన్ కోసం అడుగుతారనుకుంటారు చాలామంది. 1080 పిక్సెళ్ళ బొమ్మను 30 మిల్లీమీటర్లకు పెడితే డీపీఐ (అంగుళానికి చుక్కలు) 900 దాటుతుంది, ప్రింటింగ్‌కు అడిగే 300కి మూడింతలు. అయినా తయారీదారు వద్దంటారు. కారణం ఏమిటంటే కోసే మిషన్‌కు అంచు కావాలి. పిక్సెల్ బొమ్మలో నలుపు నుంచి తెలుపుకు వెళ్ళేచోట మూడు నాలుగు బూడిదరంగు పిక్సెళ్ళుంటాయి, వాటిలో గట్టు ఎక్కడ మొదలైనట్టు? ఎవరో ఒకరు నిర్ణయించాలి. మీరు నిర్ణయించకపోతే అక్కడ కూర్చున్న ఆపరేటర్ నిర్ణయిస్తాడు, మీ బొమ్మ అంటే మీకున్నంత పట్టింపు అతనికి ఉండాలని లేదు.

జేపీజీని ఇల్లస్ట్రేటర్‌లో తెరిచి ఏఐ ఫైల్‌గా (ఇల్లస్ట్రేటర్ సొంత ఫార్మాట్) సేవ్ చేస్తే వెక్టర్ అయిపోదు. ఔట్‌లైన్ మోడ్‌లోకి వెళ్ళి చూడండి, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్ వై నొక్కితే చాలు: గీతలు కనిపిస్తే వెక్టర్, ఓ పెట్టె మాత్రమే కనిపిస్తే లోపల ఫోటో కూర్చునుంది. ఇమేజ్ ట్రేస్ కొట్టడం ఇంకో అడ్డదారి. అది వందలకొద్దీ నోడ్లు వేస్తుంది, నేరుగా ఉండాల్సిన గీత సన్నగా వణుకుతుంది, వలయం రవ్వంత కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. స్క్రీన్ మీద ఆ వణుకు తెలియదు గానీ పాలిష్ చేసిన లోహం మీద వెలుతురు పడితే అదే ముందు కనిపిస్తుంది. కృత్రిమ మేధ టూల్స్‌తో పుట్టించిన బొమ్మలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, వాటిలో గీతలు మధ్యలో తెగుతాయి, రంగులు నీడల్లోకి కలిసిపోతాయి. వాటిని అడుగున పెట్టుకుని పెన్ టూల్‌తో కొత్తగా గీయడమే సరైన పని. ఓపిక పట్టాలి, కానీ ఆ గీసే క్రమంలోనే ఏది గట్టు, ఏది మడి అనే నిర్ణయాలన్నీ మీ చేతిమీదుగా జరిగిపోతాయి.

గీశాక స్ట్రోకులను ఆకారాలుగా మార్చండి, ఒకదానిమీద ఒకటి పడిన ఆకారాలను కలిపెయ్యండి, తెరిచి ఉన్న పాత్‌లను మూసెయ్యండి. క్లిప్పింగ్ మాస్కుల వెనక దాగున్న ముక్కలను తీసెయ్యండి. డ్రాప్ షాడో, ట్రాన్స్‌పరెన్సీ, మెరిసే బంగారు గ్రేడియెంట్ లాంటివేవీ అసలు ఫైల్లో ఉండకూడదు. బంగారు రంగు చూపించాలంటే ఒక్క పసుపు ఫిల్ వేసి పక్కన "గోల్డ్ ప్లేటింగ్" అని రాస్తే చాలు. మెరుపు ప్లేటింగే ఇస్తుంది.

అక్షరాలు, ముఖ్యంగా మన అక్షరాలు

ఏ లిపి అయినా పంపేముందు అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చాలి, లేదంటే అవతలివాళ్ళ దగ్గర ఆ ఫాంట్ లేక ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. తెలుగుకు ఇది ఇంకా పెద్ద సమస్య. పాత, యూనికోడ్ కాని ఫాంట్లతో టైప్ చేసినది వేరే కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతుంది. యూనికోడ్ అయినా ఇల్లస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సుల్లోని ఇండిక్ ఆప్షన్లు ఆన్ చెయ్యకపోతే వత్తులు విడిపోవచ్చు. తయారీదారుకు తెలుగు చదవడం రాకపోతే తప్పును తప్పని గుర్తుపట్టేవాళ్ళే ఉండరు, ఆ తప్పు అలాగే ఉక్కులోకి ఎక్కుతుంది. ఔట్‌లైన్ చేశాక ప్రతి అక్షరాన్నీ ఒకసారి పైకి చదవండి. గుణింతపు గుర్తు, తలకట్టు, అక్షరం విడివిడి ముక్కలుగా ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, వాటిని ఆకారాలను ఒకటి చేసే యునైట్ ఆప్షన్‌తో కలపడం మర్చిపోవద్దు.

సైజు దగ్గర ఇంగ్లీషుకు చెప్పిన లెక్కలు మనకు సరిపోవు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తు చాలంటారు. "స్త్రీ" అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో అక్షరం, కింద వత్తులు, ఒకదాని కింద ఒకటి మూడు అంతస్తులు. మొత్తం ఎత్తు 3 మిల్లీమీటర్లు ఇచ్చినా ఒక్కో అంతస్తుకు దక్కేది 1 మిల్లీమీటరు. వత్తులోని చిన్న సున్నాకు పైగీత 0.25, మధ్య ఖాళీ 0.25, కింది గీత 0.25, అంటే 0.75 అక్కడే అయిపోయింది. అతికినట్టు సరిపోతుందంతే, ఊపిరాడే చోటు లేదు. అందుకని తెలుగులో పేరు పెట్టాలంటే వత్తులు కలుపుకుని కనీసం 3.5, వీలైతే 4 మిల్లీమీటర్లు ఇవ్వమంటాను, ఫాంట్ కూడా లావు సన్నాలు లేని, ఒకే మందంలో నడిచేది ఎంచుకోండి. ఖాళీలు పూడిపోతాయనిపిస్తే అక్షరాలను లోహపు గట్లుగా నిలబెట్టే బదులు వెనకవైపు లేజర్‌తో చెక్కించుకోవడం మంచిది.

రంగులు

స్క్రీన్ వెలుతురును చిమ్ముతుంది, ఎనామిల్ వెలుతురును తిప్పికొడుతుంది. అందుకే స్క్రీన్ రంగును చూసి ఎవరూ ఎనామిల్ కలపరు, రంగులకు నంబర్లిచ్చి అచ్చువేసే ప్యాంటోన్ పుస్తకంలో నంబరు తీసి దాని పక్కన పెట్టి కలుపుతారు. 1963 నుంచి ఉన్న పద్ధతి ఇది. నంబరు చివర సి అని ఉండే సాలిడ్ కోటెడ్ పుస్తకాన్నే పిన్‌లకు వాడతారు, ఉదాహరణకు ఎరుపుకు 485 సి. అదే నంబరు యు అయితే ముతక కాగితం మీద కనిపించే రంగు, కాస్త వెలిసినట్టుంటుంది. 2022లో అడోబీ తన సాఫ్ట్‌వేర్‌లోంచి ప్యాంటోన్ లైబ్రరీల్లో చాలావాటిని తీసేసింది, అప్పట్లో పాత ఫైళ్ళు తెరిస్తే రంగుల స్థానంలో నలుపు వచ్చిందని చాలామంది గగ్గోలు పెట్టారు. ఫైల్లో స్వాచ్ (సాఫ్ట్‌వేర్‌లో దాచిన రంగు) మీద మాత్రమే ఆధారపడకుండా బొమ్మ పక్కనే ప్రతి రంగుకూ ఓ చిన్న గడి గీసి నంబరు మామూలు అక్షరాల్లో రాయండి. ఏ సాఫ్ట్‌వేర్ మారినా అది పోదు.

ప్రతి రంగునూ ఒకే గ్లోబల్ స్వాచ్‌కు కట్టెయ్యండి. కంటికి తేడా తెలియని రెండు ఎరుపులు ఫైల్లో ఉంటే తయారీదారుకు అవి రెండు రంగులే. గ్రేడియెంట్ ఎనామిల్‌తో రాదు. సూర్యాస్తమయం కావాలంటే మూడు నాలుగు పట్టీలుగా విడగొట్టి మధ్య గట్లు పెట్టాలి, లేదా ఎనామిల్ మానేసి ప్రింటెడ్ పిన్‌కి వెళ్ళాలి, దానికైతే సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) 300 డీపీఐ ఫైల్ సరిపోతుంది.

గట్టు లేకుండా పెద్ద విస్తీర్ణంలో ఒకే రంగు పెట్టకండి. సాఫ్ట్‌లో మధ్యలో గుంటపడినట్టు ఆరుతుంది, హార్డ్‌లో బుడగల గుర్తులు కనిపిస్తాయి. అలాంటిచోట చిన్న నక్షత్రమో, ఒక మడతగీతో వేసి మడిని విడగొడితే బాగుంటుంది. ఇంకో మాట, మనం గీసేటప్పుడు నల్ల చుట్టుగీతలకు కళ్ళు అలవాటుపడి ఉంటాయి. గోల్డ్ ప్లేటింగ్ చెప్పగానే ఆ నల్ల గీతలన్నీ మెరిసే గీతలవుతాయి, బొమ్మలో చీకటిగా ఉన్నదే అన్నిటికన్నా వెలుగ్గా మారుతుంది. ఫైల్లోనే గీతల రంగు పసుపుకో బూడిదకో మార్చి చూసుకోండి, బొమ్మ అప్పుడూ నిలబడితే సరే, లేదంటే బ్లాక్ నికెల్ అడగండి.

అంచు

పిన్ చుట్టూ 0.4 దాకా మందమున్న తెగని లోహపు అంచు ఉండాలి. బయటికి పొడుచుకొచ్చే మొనలు బట్టకు తగులుకుంటాయి, వంగుతాయి, వాటిని కొద్దిగా గుండ్రం చెయ్యండి. చిన్న మూలల్లో ఖాళీ వదిలితే కోసే పనిముట్టు గుండ్రం కాబట్టి ఆ లోపలి మూల ఎలాగూ గుండ్రంగానే వస్తుంది, మీరే ముందు గుండ్రం చేస్తే ఎలా వస్తుందో మీ చేతిలో ఉంటుంది. వెనక పోస్ట్ ఎక్కడ రావాలో విడి లేయర్‌లో చుక్క పెట్టి చూపించండి. పోస్ట్ అనేది పిన్ బరువు మధ్యబిందువు కన్నా పైన ఉంటేనే పిన్ ముందుకు వాలకుండా ఉంటుంది, 30 మిల్లీమీటర్లు దాటితే రెండు పోస్టులు పెట్టించుకుంటే తిరగకుండా నిలుస్తుంది.

మెడల్ సంగతి వేరు

మెడల్‌లో రెండు రకాలు. ఒకటి రెండే మట్టాలుండేది, పిన్ లాగే గట్లు, మళ్ళు. దానికి ఇప్పటిదాకా చెప్పినవే చాలు. రెండోది ముఖం బుగ్గ దగ్గర ఉబ్బి, చెవి దగ్గర దిగి, మెడ దగ్గర మెల్లగా నేలలో కలిసే రిలీఫ్. దీనికి గీతల ఫైల్ సరిపోదు, ఎత్తుల సమాచారం కావాలి. పూర్వం శిల్పులు పెద్ద ప్లాస్టర్ నమూనా చేసేవారు. 1899లో పేటెంటైన జాన్వియర్ రిడక్షన్ మిషన్ లాంటివి ఆ నమూనా మీద ఒక సూదిని తిప్పుతూ, అదే కదలికను చిన్నది చేసి ఉక్కులో కోసేవి. 20వ శతాబ్దంలో చాలా టంకశాలలు వాటితోనే పనిచేశాయి. ఇప్పుడా ప్లాస్టర్ స్థానంలో త్రీడీ ఫైలో, హైట్ మ్యాపో ఉంటుంది.

హైట్ మ్యాప్ అంటే బూడిదరంగు బొమ్మ, తెలుపు అత్యంత ఎత్తు, నలుపు అత్యంత పల్లం. ఇక్కడే ఓ పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి హైట్ మ్యాప్‌గా పంపేస్తారు. ఫోటోలో మీసం నల్లగా ఉంటుంది కాబట్టి మెడల్ మీద అది గుంటగా పడుతుంది, కనుబొమలు కాలవలవుతాయి, నుదుటిమీద పడిన లైటు బొప్పిలా లేస్తుంది. ఫోటోలోని నలుపు తెలుపులు వెలుతురును చెబుతాయి, ఎత్తును చెప్పవు. ఒక మనిషి ముఖం కావాలంటే ముందునుంచీ పక్కనుంచీ తీసిన ఫోటోలిచ్చి ఎవరైనా మలిచేవాళ్ళతో త్రీడీ చేయించడమే దారి. అందులోనూ పక్కనుంచి కనిపించే ముఖమే తక్కువ లోతులో బాగా కుదురుతుంది, ఎదురుగా చూసే ముఖంలో ముక్కుకు కావలసిన ఎత్తు మెడల్‌లో దొరకదు. నాణేల మీద పక్క ముఖాలు అంతగా కనిపించడానికి అదీ ఒక కారణం.

హైట్ మ్యాప్‌ను 16 బిట్‌లో సేవ్ చెయ్యండి. 8 బిట్‌లో 256 మెట్లే ఉంటాయి, మెల్లగా దిగాల్సిన చెంప మీద అవి సన్నటి మెట్లుగా తేలొచ్చు. 16 బిట్‌లో 65,536 ఉంటాయి. జేపీజీ అసలు వద్దు, కంప్రెషన్‌లో పుట్టే మచ్చలు లోహం మీద గరుకుగా దిగుతాయి. త్రీడీ మోడల్ అయితే గోడలు నిట్టనిలువుగా కాకుండా కొంచెం వాలుగా ఉండాలి, లోపలికి తిరిగిన భాగం ఉండకూడదు. డై ఒకే దిశలో వచ్చి కొడుతుంది, అదే దిశలో తిరిగి బయటికి రావాలి.

రెండు వైపులా రిలీఫ్ ఉంటే ఒక విషయం ఆలోచించాలి. దెబ్బ పడినప్పుడు మధ్యలోని లోహం రెండు డైల గుంతల్లోకీ పారాలి. ముందువైపు ముఖం బాగా ఎత్తుగా ఉండి, సరిగ్గా దాని వెనకే ఇంకో ఎత్తైన చిహ్నం ఉంటే, రెండిటికీ సరిపడా లోహం అక్కడ ఉండదు. రెండిట్లో ఒకటి, సాధారణంగా అన్నిటికన్నా ఎత్తైన చోట, సగం నిండి మొద్దుబారినట్టు వస్తుంది. ముందు ఎత్తున్నచోట వెనక చదునుగా ఉండేలా రెండు ముఖాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసి సర్దుకోవాలి. చుట్టూ రిమ్ మిగతా రిలీఫ్ కన్నా వెంట్రుకవాసి ఎత్తుండేలా చూసుకుంటే బల్ల మీద పెట్టినా ముఖం గీరుకుపోదు.

వెనకవైపు ఎటు తిరగాలో కూడా రాసివ్వాలి. పక్కకు తిప్పితే వెనకబొమ్మ నిటారుగా కనిపించేది మెడల్ పద్ధతి, కింది నుంచి పైకి తిప్పితే నిటారుగా కనిపించేది కాయిన్ పద్ధతి. మెడలో వేసుకునేదానికి మొదటిదే సరైనది, చెప్పకపోతే ఏది వస్తుందో తెలియదు. యాంటిక్ ఫినిష్ అడిగితే పల్లాల్లో నల్లటి పూత నిలిచి, ఎత్తులు మెరుస్తాయి, అందుకే చదునైన డిజైన్‌కు యాంటిక్ చేయించి ఉపయోగం లేదు. రిలీఫ్ మీద హార్డ్ ఎనామిల్ కూడా కుదరదు, సానపడితే ఆ ఎత్తులే పోతాయి. రంగు కావాలంటే పల్లంలో సాఫ్ట్ ఎనామిల్ ఒక్కటే.

ప్రూఫ్

ఫైల్లో లేయర్లను అంచు, లోహం, రంగులు, కంతలు, వెనకవైపు అని విడదీసి పేర్లు పెట్టండి. ఏఐ ఫైల్‌ను కొంచెం పాత వర్షన్‌లో సేవ్ చేసి, పక్కన చూసుకోవడానికి ఒక పీడీఎఫ్ కూడా జత చెయ్యండి. తిరిగి వచ్చే ప్రూఫ్‌ను మీ ఫైల్ మీద సగం పారదర్శకంగా పెట్టి పోల్చండి, కంటితో పక్కపక్కన చూస్తే కదిలిన గీతలు తెలియవు. కళ్ళు, అక్షరాలు, అంచు, ప్యాంటోన్ నంబర్లు, ప్లేటింగ్ పేరు, మిల్లీమీటర్లలో సైజు, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూడండి. తొందరపెట్టినా సరే, పూర్తిగా చూశాకే ఒప్పుకోండి.

ఎందుకంటే ఒప్పుకున్నాక కోసేది ఉక్కును. డైలో కాలవే పిన్ మీద గట్టు కాబట్టి, మర్చిపోయిన గీతను తర్వాత డైలో కోయొచ్చు, సన్నగీతను లావు చెయ్యొచ్చు. అక్కర్లేని గీతను తీసెయ్యడానికి, లావైనదాన్ని సన్నం చెయ్యడానికి మాత్రం కోసిన ఉక్కును తిరిగి నింపాలి, అది జరిగే పని కాదు, కొత్త డై చెక్కాల్సిందే. ఉండాలా వద్దా అని తేల్చుకోలేని గీత ఏదైనా ఉంటే మొదటి డైలో దాన్ని వదిలేసి, శాంపిల్ చూశాక కావాలనిపిస్తే చేర్పించుకోండి. రంగులకు ఈ భయం లేదు, అదే డై మీద ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.